తూము కాచువాడే పొలము కొన్నచో

వీడియో ఆటల మాట వచ్చినప్పుడెల్ల మన గృహములలో రెండు అభిప్రాయములే వినబడుచున్నవి. అవి పిల్లల చదువును చెఱచునని పెద్దలందురు. అవి లేనిదే ప్రొద్దుపోదని పిల్లలందురు. ఈ వాదులాటతోనే మన యోపిక తీఱిపోవుచున్నది. ఆ యాటలను చేయువారెవరు, అమ్మువారెవరు, మనమిచ్చు రూపాయి యెవరి చేతులమీదుగా పోయి యెవరి పెట్టెలో పడుచున్నది యని యడుగువారు అరుదు. ఆటలు మంచివా చెడ్డవా యను విచారణను మఱియొక దినమునకు విడిచి, మేము ఈ ప్రశ్ననే నేడు చదువరుల యెదుట నుంచదలచితిమి.

2022 జనవరి 18వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీ, ఆక్టివిజన్ బ్లిజర్డ్ అను ఆటల కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు కొనబోవుచున్నట్లు ప్రకటించెను. 2023 అక్టోబరు 13వ తేదీన ఆ బేరము ముగిసెను. యువకులు రాత్రులు మేల్కొని యాడు కాల్ ఆఫ్ డ్యూటీయు, వంట ముగించి తల్లులు ఫోనులో నాడుకొను క్యాండీ క్రష్షును నాటితో ఆ కంపెనీ సొత్తులైనవి. 2014లో ఆ కంపెనీకి ముఖ్యాధికారియైన సత్య నాదెళ్లగారు హైదరాబాదున పుట్టి, బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివినవారు. అందుచేత “మనవాడు కొన్నాడు” అని పొంగిపోయిన తెలుగువారు పెక్కుమంది. వారి బుద్ధిని, కృషిని మేమును గౌరవింతుము. కాని కొన్నవాడు మనవాడగుట ఆ కొనుగోలు మేలైనదనుటకు హేతువు కానేరదు. బంధువే తక్కెడ పట్టినను ముల్లును చూచియే కదా మనము సరకు పుచ్చుకొందుము!

మా యభ్యంతరమేమో చెఱువు క్రింది సేద్యము నెఱిగినవారికి సులభముగా బోధపడును. మా ఇబ్రహీంపట్నము పెద్దచెఱువు కుతుబ్ షాహీల కాలము నాటిది. ఇట్టి చెఱువుల క్రింద తూము తెఱచుటకు నీరటికాడుండును. ఏ మడికి ఎన్ని గడియలు నీరు పాఱవలెనో చూచుట వాని పని. ఆ నీరటికాడే తూము దగ్గఱి పొలమును కొన్నాడనుకొందము. వాని మనస్సు చెడ్డదని యనవలసిన పనిలేదు. తన మడి యెండుచుండగా పొరుగువాని మడికి ముందు నీరు విడువుమని వానిని నమ్ముకొనియుండుటయే తెలివితక్కువ.

నేడు ఆటల వ్యాపారములో తూములు కొద్ది. ఇంటిలోని తెరకు తగిలించు ఆటయంత్రములలో సోనీ, నింటెండో, మైక్రోసాఫ్టులవి ముఖ్యమైనవి. ఫోనులలో అంగడులు గూగులువి, ఆపిల్‌వి. ఆట చేయువాడు ఎంత ప్రతిభావంతుడైనను ఈ తూములగుండనే ప్రజలను చేరవలెను. 2001లో ఎక్స్‌బాక్స్ యంత్రముతో అంగడి తెఱచిన మైక్రోసాఫ్టు, 2014లో మైన్‌క్రాఫ్టును చేసిన మొజాంగును 250 కోట్ల డాలర్లకును, 2021లో జెనిమాక్సును 750 కోట్ల డాలర్లకును కొనెను. ఆ జెనిమాక్సు వారి స్టార్‌ఫీల్డ్ అను ఆట 2023లో వెలువడినప్పుడు ఎక్స్‌బాక్సునకును కంప్యూటరునకును వచ్చెనే గాని, సోనీ యంత్రమునకు రాలేదు. ఇది ఒక్క కంపెనీ దోషమని మే మనము. సోనీయు తన యంత్రముకొఱకు ఆటలను కట్టడిచేయుచునే యున్నది; 2022లో బంజీ కంపెనీని 360 కోట్ల డాలర్లకు కొనెను.

ఫోనుల సంగతి మఱింత కఠినము. 2020 ఆగస్టులో ఎపిక్ కంపెనీ, నూటికి ముప్పది చొప్పున అంగడివారు పుచ్చుకొను పాలును తప్పించి తన ఫోర్ట్‌నైట్ ఆటలో తానే సొమ్ము వసూలుచేయబోగా, ఆపిల్, గూగులు రెండును ఆ యాటను తమ అంగడులనుండి తొలగించెను. గూగులు చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమును నడపుచున్నదని 2023 డిసెంబరులో అమెరికా జ్యూరీ తేల్చెను. మన దేశమందును, ప్లే స్టోర్ చెల్లింపుల విషయమై కాంపిటీషన్ కమిషను 2022 అక్టోబరులో గూగులుకు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు తప్పును కొంతమేరకు నిలిపి, జరిమానాను 216.69 కోట్లకు తగ్గించెను.

దీనికి ప్రతివాదులు చెప్పు సమాధానమును వినవలసినదే. “మైక్రోసాఫ్టు ఈ బేరము తరువాతను టెన్‌సెంట్, సోనీల వెనుక మూడవ స్థానముననే యుండును, కాల్ ఆఫ్ డ్యూటీని పదియేండ్లు ఇతర యంత్రములకును ఇచ్చెదనని ఒప్పుకొన్నది, నెలచందాకు వందలాది ఆటలు దొరకుచున్నవి, అమెరికా న్యాయస్థానము 2023 జూలైలో బేరము నాపుటకు నిరాకరించినది” అని వారందురు. ఇవి యన్నియు నిజములే. కాని ఆ యొప్పందములు సోనీతో కుదిరినది ఎప్పుడు? అమెరికా ప్రభుత్వశాఖ న్యాయస్థానమున కెక్కిన తరువాత, బ్రిటనులోని అధికారులు 2023 ఏప్రిలులో బేరమును త్రోసివేసిన తరువాత. అంతర్జాలముమీదుగా ఆటలను ప్రసారముచేయు హక్కులను యూబీసాఫ్టునకు అప్పగించిన పిమ్మటనే బ్రిటను అంగీకరించెను. అడ్డగించినవారుండుటచేతనే ప్రజలకు ఆ కొంచెమైనను దక్కినది.

ఇక చౌకదనము మాట. 2025 అక్టోబరులో ఆ చందా పథకపు పైతరగతి వెలను అమెరికాలో నెలకు 19.99 డాలర్లనుండి 29.99 డాలర్లకు పెంచిరి. అనగా ఒక్కసారిగా సగము పెరిగినది. బేరము ముగిసిన మూడు నెలలకే, 2024 జనవరిలో, ఆటల విభాగమున 1,900 మందిని పనినుండి తొలగించిరి. అదే యేట మేలో మూసిన శాలలలో టోక్యోలోని టాంగో గేమ్‌వర్క్స్ ఒకటి. అది 2023లో హై-ఫై రష్ అను ఆటను చేసి విమర్శకుల మెప్పు పొందినది. మంచిపని చేసినవానికిని భద్రత లేని వ్యవస్థను మనము మేలైనదని యెట్లనగలము?

ఇదంతయు పరదేశముల గొడవ యనరాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను అమెరికా కంపెనీకి హైదరాబాదులో శాల కలదు. అందు మన యువకులు పనిచేయుచున్నారు. ఆ కంపెనీని సౌదీ అరేబియా ప్రభుత్వనిధియు మఱి రెండు పెట్టుబడి సంస్థలును 5,500 కోట్ల డాలర్లకు కొనునట్లు 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడెను. అందు 2,000 కోట్లు అప్పుసొమ్ము. ఆ యప్పు తీర్చుటకు ఎచ్చట ఖర్చు తగ్గింతురో నిర్ణయించువారు రియాదులోను అమెరికాలోను ఉందురు. హైదరాబాదులోని పనివాని కది వార్తాపత్రికలో తెలియవచ్చును.

మఱియొక యుదాహరణము. 2009లో హైదరాబాదుకు చెందిన గేమ్‌శాస్త్ర కంపెనీవారు దేశీ అడ్డా అను ఆటను చేసిరి. కబడ్డీ, పతంగులు, మనము చిర్రాగోనె యని పిలుచు గిల్లీదండ అందున్నవి. అది సోనీ ప్లేస్టేషన్ 2 కొఱకు వచ్చినది. ఆ యంత్రముల తయారీ 2013 నాటికి నిలిచిపోయినది. వీధిలో చిర్రాగోనె యాడుటకు రెండు కఱ్ఱముక్కలు చాలును, ఎవరి యనుమతియు వలదు. అదే యాట తెరమీదికి పోగానే దాని యాయువు పరుల యంత్రముతో ముడిపడినది. మన ప్రాంతమున ఇంజనీరింగు కళాశాలలకు కొదువలేదు. ఆటల నిర్మాణమును ప్రోత్సహించుటకు తెలంగాణ ప్రభుత్వము 2016లోనే ఇమేజ్ విధానమును ప్రకటించెను. శాలలు కట్టించుట మంచిదే. కాని అందు పుట్టిన ఆట ఏ తూముగుండ, ఏ షరతులమీద బయటకు పాఱునో విచారింపనిచో ఆ ప్రోత్సాహము సగము పనియే.

కొనువాని స్థితియు ఇట్టిదే. 2014లో యూబీసాఫ్ట్ వారు విడుదల చేసిన ది క్రూ అను ఆట సర్వర్లను 2024 మార్చి 31వ తేదీన నిలిపివేసిరి. సొమ్ము చెల్లించినవారికి ఆట లేకపోయెను. వారు కొన్నది ఆట కాదు, ఆడుకొనుటకు అనుమతి మాత్రమే! ఈ మాటను అమ్మునప్పుడే స్పష్టముగా చెప్పవలెనని కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుండి చట్టము అమలైనది. మన కట్టి చట్ట మేల యుండరాదు?

మేము కోరునవి మూడు. అంగడి నడపువాడు తన సరకునకును పరుల సరకునకును ఒక్క నియమమునే పాటింపవలెను. అందులకు 2024 మార్చిలో వెలువడిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాను మూలబెట్టక బహిరంగముగా చర్చింపవలెను. 2,000 కోట్ల రూపాయలకు మించిన బేరములు, ఇచ్చట తగినంత వ్యాపారమున్నచో, కమిషను పరిశీలనకు రావలెనను నియమము 2024 సెప్టెంబరునుండి అమలులో నున్నది. ఆ పరిశీలనలో వెలనే గాక పనివారి గతిని, చిన్న నిర్మాతల త్రోవను కూడ చూడవలెను. అమ్మునది ఆటయో, అనుమతియో కొనువానికి ముందే తెలుపవలెను.

చదువరులారా! మీ పిల్లవాడు ఆటకు సొమ్మడిగినప్పుడు కోపగించుకొనుటయో, విసిగి యిచ్చివేయుటయో మాని, ఇది ఎవరిది, రేపు మూసివేసిన మన కేమి మిగులును అని వానితో కూర్చుండి విచారింపుడు. తరువాత అదే ప్రశ్నను మీ శాసనసభ్యునికిని, పార్లమెంటు సభ్యునికిని ఉత్తరము వ్రాసి యడుగుడు. నాదెళ్లగారి పేరు చెప్పుకొని గర్వించు హక్కు మనకున్నట్లే, వారి కంపెనీని ప్రశ్నించు హక్కును మనకు కలదు.