మిడతలన్నీ ఒక్కటి కావు

మిడత అనే ఒక్క మాటతో తెలుగువారు చాలాకాలం సరిపెట్టుకున్నారు. గరికలో గంతులు వేసేదీ మిడతయే. ఆకాశాన్ని కప్పివచ్చి పైరును మోడు చేసేదీ మిడతయే. ఆ ఒక్క మాట చాలదని 2020 మే నెల చాటిచెప్పినది.

ఆ వేసవిలో ఎడారి మిడతల దండ్లు రాజస్థానం దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రలకు చేరినవి. చదరపు కిలోమీటరు దండులో 8 కోట్ల దాకా పురుగులుండవచ్చునట! జనం ఆ భయంలో ఉండగా అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల నిండా మిడతలు కనిపించినవి. దండు వచ్చిపడినదని కలవరం పుట్టినది. పరిశీలించినవారు మాత్రం అవి ఎడారి మిడతలు కావనీ, జిల్లేడును ఆశ్రయించే స్థానిక జాతియేననీ తేల్చినారు.

1775లో ఫాబ్రీషియస్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించిన ఈ జాతికి నేటి శాస్త్రనామం పోయికిలోసెరస్ పిక్టస్. పసుపు, నీలి చారల దేహం, ఎఱ్ఱని వెనుక రెక్కలు దీని గురుతులు. జిల్లేడు పాలలోని విషాన్ని ఇది తన ఒంటిలో దాచుకొంటుంది. ఆ మెరిసే రంగులు పక్షులకు హెచ్చరిక. అయితే రంగు ఒక్కటే నమ్మదగినది కాదు. పక్వమైన ఎడారి మిడత కూడా పసుపుగానే ఉంటుంది. కనుక పురుగును గుర్తించాలంటే అది నివసించే చోటును కూడా చూడవలెను.

పొరపడినా జాగ్రత్త మంచిదే కదా అని కొందరనవచ్చు. కాని గట్టు మీది జిల్లేడుకు మందు చల్లిన రైతుకు డబ్బు దండుగ. పైరుకు మేలుచేసే పురుగులు కూడా చస్తవి. పైగా, ‘నాన్నా, పులి’ అని పలుమార్లు అరచిన పిల్లవాని కథ తెలియనిదెవరికి? నిజమైన దండు వచ్చిననాడు మాట వినేవారుండరు. అలాగని నిర్లక్ష్యమూ తగదు. జిల్లేడు దొరకనప్పుడు ఈ మిడత పైరు మీదికి కూడా పోవచ్చును.

తనకల్లు వంటి మెట్టసీమలో ఈ పాఠానికి ప్రయోగశాల అక్కరలేదు. బీడులోని జిల్లేడు చెట్టే చాలును. ఉపాధ్యాయుడు పిల్లలను అక్కడికి తీసుకొనిపోయి మూడు ప్రశ్నలు వేయవలెను: ఈ పురుగు ఏ మొక్క మీద ఉన్నది? ఆ మొక్కనే తింటున్నదా, పక్క చేనిలోకి కూడా పోతున్నదా? కదిలిస్తే దగ్గరలోనే వాలుతున్నదా, గుంపుగా లేచి దూరం పోతున్నదా?

ఆ తరువాత పిల్లలు దానిని ‘జిల్లేడు మిడత’ అని వేరుగా పిలువగలరు. సరియైన పేరు పెట్టడం భాషకు అలంకారం మాత్రమే కాదు. రైతుకు రక్షణ కూడాను.