మబ్బుల చాటున సుహా నక్షత్రం

వర్షాకాలం రాగానే ఆకాశాన్ని చూచే అలవాటు గలవారు దూరదర్శినిని మూలన పెడతారు. మబ్బు పట్టిన రాత్రి చూడదగినదేదీ ఉండదని వారి అభిప్రాయం. పిల్లలున్న ఇళ్లకు మేము చెప్పదలచినది ఇందుకు భిన్నమైన మాట. గెలాక్సీలను, నీహారికలను చూడాలంటే చీకటి, నిర్మలమైన ఆకాశం కావాలి. జంట నక్షత్రాలకు ఆ అవసరం లేదు. వాటిలో కాంతివంతమైనవి వీధి దీపాల నడుమ కూడా కనబడతాయి. మబ్బుల మధ్య నాలుగైదు నిమిషాల తెరిపి దొరికితే చాలు.

మొదట చూడవలసిన జంట అరబీ చదివినవారికి చిరపరిచితమైనదే. సప్తర్షి మండలపు తోకలో మధ్యనున్న నక్షత్రం పేరు మిజార్. దాని పక్కన మినుకుమనే చిన్న చుక్క సుహా. మన పొరుగున హిందూ కుటుంబాల పెళ్లిళ్లలో వధూవరులకు చూపే అరుంధతి ఇదే. పూర్వం అరబ్బులు సుహాను చూపించి కంటిచూపును పరీక్షించేవారు. సూక్ష్మమైన సంగతి చెబితే స్థూలమైనదానితో జవాబిచ్చేవారి గురించి, ‘నేను సుహాను చూపుతుంటే ఆమె నాకు చంద్రుణ్ణి చూపుతోంది’ అనే సామెత కూడా అరబీలో ఉంది. క్రీ.శ. 964 ప్రాంతంలో నక్షత్ర గ్రంథాన్ని రచించిన అబ్దుర్రహ్మాన్ సూఫీ అందులో సుహాను ప్రస్తావించారు.

కంటికి ఒక్కటిగా తోచే మిజార్ కూడా నిజానికి జంటయే. 1617లో కాస్తెల్లీ అనే శిష్యుడు కోరగా గెలీలియో దానిని దూరదర్శినితో పరిశీలించి రెండుగా చూశాడు. ఆ రెండింటి మధ్య ఎడం, మిజార్‌కూ సుహాకూ మధ్య కనిపించే ఎడంలో సుమారు 50వ వంతు మాత్రమే. 1889లో కాంతి విశ్లేషణ ద్వారా ఆ రెండింటిలో ప్రకాశవంతమైనది సైతం జంట అని తేలింది. తరువాత రెండవదీ అటువంటిదే అని తెలిసింది. ఒక్కటిగా తోచిన చోట నాలుగు ఉన్నాయన్నమాట!

60 మిల్లీమీటర్ల కటకం గల చిన్న దూరదర్శిని ఇందుకు సరిపోతుంది. దాని నాభ్యంతరం 700 మి.మీ., కంటి దగ్గరి కటకానిది 20 మి.మీ. అయితే 35 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. మిజార్ రెండుగా విడిపోవడానికి అది చాలు. జూన్, జూలై నెలల్లో ఇషా నమాజు తరువాత వాయవ్య దిశగా చూడండి. సాధనాన్ని అరగంట ముందే మేడపై ఉంచితే కటకం బయటి గాలికి సర్దుకుంటుంది, బొమ్మ కుదురుగా నిలుస్తుంది. చినుకు పడితే మూత పెట్టండి. కటకాన్ని చొక్కా అంచుతో తుడవకండి. జూలైలో తూర్పున, సెప్టెంబరులో నడినెత్తిన హంస మండలంలో అల్బీరియో కనబడుతుంది. అందులో ఒకటి బంగారు వన్నె, మరొకటి నీలం. పిల్లలు దానిని మరచిపోరు.

ఇక అసలు విషయం. పిల్లలను ఒక్కొక్కరిగా చూడనివ్వండి. ఎన్ని చుక్కలు కనబడ్డాయి, మసకగా ఉన్నది ఏ వైపున ఉంది అన్నది ఇతరులకు చెప్పకుండా ఎవరి కాగితంపై వారిని వ్రాయనివ్వండి. ఆ తరువాతే కాగితాలను పోల్చి చూడండి. అన్నయ్య రెండు అన్నాడు గనుక తమ్ముడూ రెండు అనడం పిల్లల సహజ బలహీనత. తన వంతు వచ్చేసరికి మబ్బు కమ్మితే, ‘మబ్బు వలన చూడలేదు’ అని వ్రాసిన బిడ్డను అందరికంటే ముందు మెచ్చుకోండి.

నెలవంక విషయంలో మనం పాటించే నియమం ఇదే కదా! ఇరవై తొమ్మిదవ సాయంత్రం మబ్బు పట్టి నెలవంక కనబడకపోతే ముప్ఫై రోజులు పూర్తి చేస్తాం. అందుకు ఎవరినీ నిందించం. చూడకుండానే చూశానన్నవాడు మాత్రం ఒక ఊరి ఉపవాసాన్నీ, పండుగనూ చెడగొట్టగలడు. రేపు మన బిడ్డ న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పవచ్చు, అంగట్లో సరుకు గురించి మాట ఇవ్వవచ్చు, ఒక కాగితంపై సంతకం చేయవచ్చు. చూసినంత మేరకే చెప్పే అలవాటు ఆనాడు హఠాత్తుగా రాదు. దానిని చిన్ననాడే, చిన్న విషయాలలోనే అలవరచాలి.

ఈ వర్షాకాలంలో ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, వేళ, మబ్బు ఎంత, కనబడినది ఏమిటి అన్న నాలుగు గడులు గీయండి. చివరి గడిలో ‘కనబడలేదు’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చినా దానిని కొట్టివేయనివ్వకండి.