మండలగతులు, అరిగిన టైర్లు

మా చెల్లెలు దక్షిణ కాలిఫోర్నియాకు కాపురానికి వెళ్ళి ముప్పై ఏళ్ళు దాటింది. 2023లో నేనూ మా ఆవిడా వాళ్ళింట నాలుగు నెలలుండి వచ్చాము. టిక్కెట్లు కొని పంపినప్పుడే చెల్లెలు నాకొక పని అప్పగించింది. "అన్నయ్యా, వాడు నా మాట వినటం మానేశాడు. వాళ్ళ నాన్న మాట ఎన్నడూ వినలేదు. మేనమామవు, నువ్వు చెబితే వింటాడేమో చూడు" అని.

వాడు అంటే నా మేనల్లుడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళవాడు. వారంలో ఐదు పగళ్ళు ఒక గిడ్డంగిలో సరకు లెక్కలు చూసే ఉద్యోగం. మిగిలిన కాలమంతా డ్రిఫ్టింగు, అనగా కారును పక్కవాటుగా నడిపే విద్య. దానిని విద్య అనటం నాకు ఇప్పుడు అలవాటైంది. వెళ్ళిననాడు మాత్రం నేను వాడిన మాట "వ్యసనం".

ఈ విషయమై నా అభిప్రాయం ఎలా మారిందో, ఎంతవరకు మారిందో చెప్పటానికే ఈ నాలుగు మాటలు. పూర్తిగా మారలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మలుపులో కారు జారితే దానిని మనం ప్రమాదమంటాము. ఆ జారుటను తానే కల్పించి, మలుపు పొడవునా నిలబెట్టి, కోరినచోట ముగించగలవాడు డ్రిఫ్ట్ చోదకుడు. వెనుక చక్రాలకు బలం అందే బండి కావాలి. వేగంగా వచ్చి, క్లచ్చిని ఒక్క క్షణం తొక్కి వదలితే ఇంజను బలమంతా ఒక్కసారిగా వెనుక చక్రాల మీద పడి అవి నేల పట్టు విడుస్తాయి. లేదా చేతి బ్రేకు లాగి వెనుక చక్రాలను బంధిస్తారు. తోక బయటకు విసురుతుంది. అప్పుడు స్టీరింగును మలుపుకు ఎదురుదిశలో తిప్పి, ఆక్సిలేటరు మీది పాదంతో ఆ కోణాన్ని కాపాడుకోవాలి. పాదం కొంచెం తగ్గితే బండి నిటారవుతుంది, కొంచెం హెచ్చితే గిర్రున తిరిగిపోతుంది. మామూలు కారులో మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కనుక రెండు వెనుక చక్రాలూ వేరువేరు వేగాలతో తిరిగే ఏర్పాటు ఉంటుంది. డ్రిఫ్ట్ బండిలో ఆ స్వాతంత్ర్యాన్ని బిగించివేస్తారు, రెండు చక్రాలూ కలిసి జారటానికి. డబ్బులేనివాళ్ళు దానిని ఏకంగా వెల్డింగు చేస్తారట. మావాడి మొదటి బండి అలాంటిదే.

ఇర్విండేల్ అని లాస్ ఏంజిలిస్ జిల్లాలో ఒక పందెపు మైదానం ఉండేది. అర మైలు అండాకారపు బాట. డ్రిఫ్టింగు వాళ్ళు దానిని తమ సొంతిల్లుగా భావించేవారు. 2024 డిసెంబరులో అది మూతపడింది. నేను చూసిన సాయంత్రం మాత్రం పొగతో, కేకలతో నిండి ఉంది. "మామయ్యా, మీరు నాకు బుద్ధి చెప్పటానికి వచ్చారని నాకు తెలుసు. ఒక్కసారి పక్క సీటులో కూర్చుని, ఆ తరువాత చెప్పండి" అన్నాడు మావాడు. శిరస్త్రాణం తగిలించి, నాలుగు పట్టీలతో సీటుకు కట్టేశాడు.

బండి కదిలిన కొద్ది క్షణాలకు నాకొక వింత తెలిసింది. మేము వెళ్తున్న దారి నాకు ఎదుటి అద్దంలో కనబడటం లేదు, పక్క కిటికీలో కనబడుతోంది. ఎదుటి అద్దంలో ఉన్నది గోడ. వాడి ముఖంలో మాత్రం తొట్రుపాటు లేదు. చిన్నప్పుడు సెలవులకు వచ్చి మా ఇంట్లో గుణింతం దిద్దుకొన్నప్పటి ముఖం అది.

నేను చాలా ఏళ్ళు బడిలో భారత భాగాలు పాఠం చెప్పాను. యుద్ధ పర్వాలలో రథాలు సవ్యాపసవ్య మండలాలు తిరగటం, ముందుకు ఉరికినట్టే ఉరికి వెనుకకు మళ్ళటం అడుగడుగునా వస్తుంది. "మండలగతి అనగా గుండ్రముగా తిరుగుట" అని ప్రతిపదార్థం చెప్పి దాటించేవాడిని. పిల్లలు వ్రాసుకొనేవారు. ఆ మాటలో ఎంత పని ఉందో నాకు అరవై ఏడో ఏట, ఆ రబ్బరు పొగలో తెలిసింది.

ఇంటికి వచ్చాక ఈ విద్య పుట్టుక గురించి వాడినే అడిగాను. వాడు చెప్పినదానికి నేను చదివినది కలిపి చెబుతున్నాను. కునిమిత్సు తకహాషి అని ఒక జపాను వీరుడు. మొదట మోటారు సైకిలు పందేలవాడు. 1961లో పశ్చిమ జర్మనీ గ్రాండ్ ప్రీ గెలిచి, ప్రపంచ స్థాయి పందెంలో నెగ్గిన తొలి జపానీయుడయ్యాడు. తరువాత కార్లకు మళ్ళి, 1970ల పందేలలో మలుపులను జారుడుతోనే దాటేవాడు. అది చూసి మోహపడ్డ కుర్రవాడు కేయిచి త్సుచియా. అతనికి మైదానంలో అడుగుపెట్టే స్తోమత లేదు. రాత్రిపూట కొండదారుల్లో టొయోటా ఎ.ఇ.86 అనే చిన్న కారుతో ఏకలవ్యుడిలా సాధన చేశాడు. 1987లో ఆ కొండదారి విన్యాసాలతో వచ్చిన వీడియో అతనికి పేరు తెచ్చింది, లైసెన్సుకు చిక్కులూ తెచ్చింది. ఇక్కడ మన కథకు భిన్నమైన మలుపు ఉంది. ఈ ఏకలవ్యుడిని ద్రోణుడు బొటనవ్రేలు అడుగలేదు. 1995లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో తకహాషి, త్సుచియా, అకిరా ఈడా ముగ్గురూ ఒకే హోండా ఎన్.ఎస్.ఎక్స్. కారు వంతులవారీగా నడిపి తమ తరగతిలో గెలిచారు. అప్పటికి తకహాషికి యాభై ఐదేళ్ళు. ఆయన 2022లో గతించారు. ఈ వృత్తాంతం తెలిసిన తరువాత మా చెల్లెలి దగ్గర "వ్యసనం" అనే మాట వాడటానికి నాకు నోరు రాలేదు.

జపానులో 2001 నుంచి డి1 గ్రాండ్ ప్రీ, అమెరికాలో 2004 నుంచి ఫార్ములా డ్రిఫ్ట్ పద్ధతిగా పోటీలు నడుపుతున్నాయి. అక్కడ ముందు గీత దాటినవాడు గెలవడు. పట్టిన దారి, నిలిపిన కోణం, శైలి చూసి న్యాయనిర్ణేతలు తీర్పు చెబుతారు. ఒకడు ముందు, మరొకడు అతని తలుపుకు తలుపు ఆనించినంత దగ్గరగా వెనుక. తరువాత స్థానాలు మార్చుకొంటారు. మన జంటకవులలో ఒకరు పాదం ఎత్తుకొంటే రెండవవారు అందుకొన్నట్టు ఉంటుంది. శైలికి మార్కులు వేసే మోటారు పందెం ఉందని తెలుగు పండితుడికి ఎవరైనా ముందే చెప్పి ఉండవలసింది!

మావాడు అంత పై స్థాయివాడు కాడు. వాడిది ప్రదర్శనల బతుకు. కార్ల ముచ్చట్లు చూపే తిరునాళ్ళలో, దుకాణాల ముందు ఖాళీస్థలాల్లో పిలిచినవారి కోసం పది నిమిషాలు బండి తిప్పి చూపటం. నాకు అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది. అది మావాడి మీద కాదు, పిలిచేవారి మీద.

నేనున్నప్పుడే ఒక ప్రదర్శన జరిగింది. నిర్వాహకుల పేరు అనవసరం. మూడు దఫాలు తిప్పితే 300 డాలర్లు, రెండు జతల టైర్లు ఇస్తామని ఫోనులో మాట. వెళ్ళాక ఒకటే జత చేతిలో పెట్టారు. రెండవ దఫాకే అవి బట్ట బయటపడి పీచులు లేచాయి. మావాడు సొంత జత బిగించుకొన్నాడు. మూడవ దఫాకు ముందు ఒకాయన వచ్చి, "జనానికి ఇంకొంచెం దగ్గరగా తిప్పు, ఫొటోలు బాగా వస్తాయి" అన్నాడు. జనానికీ బండికీ మధ్య ఉన్నది ఒక పగ్గమూ, నాలుగు ప్లాస్టిక్ దిమ్మెలూ. వీడు ఒప్పుకోలేదు. జనానికి దూరంగా జరిగి తిప్పబోయి, దీపస్తంభం సిమెంటు దిమ్మెకు వెనుక చక్రం కొట్టాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు. చక్రాన్ని పట్టే కమ్మి వంగింది, పక్క రేకు చీలింది. బాగుచేయించటానికి 1,400 డాలర్లు. నిర్వాహకులు "మీ బండి మీ బాధ్యత" అన్నారు. చెప్పిన 300లో 150 పంపారు. ఒక చొక్కా, గుప్పెడు అంటించే బొమ్మలు కూడా ఇచ్చారు. "నలుగురికీ నీ పేరు తెలిసింది కదా" అన్నారట.

ఈ మాట నాకు కొత్త కాదు. అవధానులను పిలిచి, రెండు గంటలు వారి మెదడు పిండి, శాలువా కప్పి బస్సెక్కించిన సభలు నేనెన్నో చూశాను. కొన్నింటికి నేనే కార్యదర్శిని, దాచను. దారిఖర్చులు అడిగిన అవధానిని వెనుక "ధనాశాపరుడు" అన్న నోరు నాదే. బాహుకుడు రథం తోలితే ఋతుపర్ణుడు శాలువా కప్పి పంపలేదు, అక్షహృదయం ఇచ్చాడు. విద్యకు సమానమైన విద్య ఇచ్చాడు. పాఠంలో అది చెప్పిన నేను సభలో పాటించలేదు.

కనుక నా అభిప్రాయం ఇది. ప్రదర్శన కోరినవారు టైర్లు, పెట్రోలు, రుసుము, బీమా నాలుగూ ముందే కాగితం మీద పెట్టాలి. జనానికీ బండికీ మధ్య గట్టి అడ్డు లేనిచోట చోదకుడు తాళంచెవి జేబులోంచి తీయకూడదు. ఎంత ఇచ్చినా తీయకూడదు.

"రబ్బరు తగలబెట్టటానికి ఇన్ని మర్యాదలా?" అని కొందరు మిత్రులు అడగవచ్చు. పొగ పొగే, కాదనను. దీపావళికి మనం కాల్చేదీ పొగే. అంతకన్నా దాని మీద వాదించను. రహదారి మీద చేసే వెర్రిని మాత్రం దీనితో కలపవద్దు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి మీద రాత్రివేళ కార్లు గిరగిరా తిప్పిన కుర్రవాళ్ళ మీద పోలీసులు కేసులు పెట్టిన వార్త చదివి మావాడికి చెబితే, నాకంటే వాడికే ఎక్కువ కోపం వచ్చింది. త్సుచియా కొండదారిలో నేర్చుకొన్నాడు కదా అంటే, "అప్పుడు వేరే చోటు లేదు మామయ్యా, ఇప్పుడు ఉంది" అన్నాడు. ఆ సమాధానం నన్ను పూర్తిగా తృప్తిపరచలేదు. ఇర్విండేల్ మూతపడ్డాక మరీను.

మావాడితో నేను ఏకీభవించని సంగతి మరొకటి ఉంది. వాడి కారుషెడ్డులో 1991 నాటి నిస్సాన్ 240ఎస్.ఎక్స్. ఒకటి నాలుగేళ్ళుగా స్టాండ్ల మీద లేచి ఉంది. జపానులో సిల్వియా అని పిలిచే వంశంలోది. అమెరికాకు పంపినదానికి చిన్న లారీలకు వాడే 2.4 లీటర్ల ఇంజను పెట్టారు. కనుక దానిని పీకి, జపాను టర్బో ఇంజను ఎక్కించటం వీళ్ళందరి కల. ఇంజను ఒక మూల, సీట్లు అటక మీద, నట్లు కాఫీ డబ్బాలలో. మా చెల్లెలు దానిని "ఆ కళేబరం" అంటుంది. రాత్రుళ్ళు వాడు పానా పట్టుకొని కిందికి దూరితే నేను టార్చి పట్టేవాడిని. అంత సంతోషంగా గడిచిన రాత్రులు ఈ మధ్య నాకు లేవు. అయినా చెబుతున్నాను, దాని మీద క్రెడిట్ కార్డు అప్పు చేయటం తప్పు. వాడితో అదే అన్నాను. "మీ వ్యాఖ్యానం ఎంతవరకు వచ్చింది మామయ్యా?" అన్నాడు. ఒక ప్రబంధానికి 1998లో మొదలుపెట్టిన వ్యాఖ్య మూడవ ఆశ్వాసంలో ఆగిపోయి ట్రంకుపెట్టెలో ఉందని వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది. "నా కాగితాలు నెలనెలా వడ్డీ అడగవురా" అన్నాను. నవ్వాడు గాని, ఒప్పుకోలేదు.

తిరుగు ప్రయాణం ముందురోజు చెల్లెలు అడిగింది, "చెప్పావా అన్నయ్యా?" అని. "చెప్పాను. మానమని కాదు, అప్పు చేయవద్దని, ఊరికే తిప్పవద్దని" అన్నాను. మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఫోనులోనే రాజీ పడ్డాము.

మొన్న ఆదివారం మావాడు ఫోను చేశాడు. ఒక కొత్త ప్రదర్శనకు పిలుపు వచ్చిందట. నేను చెప్పిన నాలుగు సంగతులూ ఉత్తరంలో పెట్టి పంపాడట. టైర్లకు, పెట్రోలుకు, రుసుముకు ఒప్పుకొన్నారు. బీమా సంగతికి ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా బండి ట్రాలీ ఎక్కించనన్నాడు.