మాటలో బరువు ఎక్కడ?

పిల్లలూ! పాతబస్తీలో చార్మినారు చూడవచ్చిన ఒక విదేశీయుడు, “ఇక్కడ చూడదగ్గవి ఇంకేమున్నాయి?” అని మిమ్మల్ని ఇంగ్లీషులో అడిగాడనుకోండి. మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం మీకు గుర్తుకు వస్తుంది. కాని “మ్యూ”ను నొక్కి “మ్యూజియం” అంటే ఆయన ఒక క్షణం తెల్లబోవచ్చు. ఎందుకని?

తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వంతు దానికి అందుతుంది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. ఇంగ్లీషు పద్ధతి వేరు. అక్కడ మాటలో ఒక అక్షరం పెద్దన్న అవుతుంది. దాన్ని కాస్త గట్టిగా, కాస్త సాగదీసి పలుకుతారు. తక్కినవి తమ్ముళ్లలాగా తగ్గి ఉంటాయి. వినేవారి చెవి ముందు పెద్దన్న కోసమే వెతుకుతుంది.

“మ్యూజియం”లో పెద్దన్న “జీ”: మ్యు-జీ-అమ్. “హోటల్”లో రెండో అక్షరం: హొ-టెల్. “పోలీసు”లోనూ అంతే: పొ-లీస్.

ఈ బరువు ఒక్కొక్కప్పుడు చోటు మారుతుంది కూడా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ అనే ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు ఉండేవారు. ఆయన తీసినది ఫొటోగ్రాఫ్. అందులో బరువు మొదటి అక్షరం మీద: ఫో-ట-గ్రాఫ్. ఆయన ఫొటోగ్రాఫర్. ఇప్పుడు బరువు రెండోదాని మీద: ఫ-టా-గ్ర-ఫర్. ఆయన కళకు సంబంధించినది ఫొటోగ్రాఫిక్. ఇక్కడ మూడోదాని మీద: ఫో-ట-గ్రా-ఫిక్. చూశారా, ఒకే ఇంట్లో ముగ్గురు పెద్దన్నలు!

ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లీషు బోధన కోసం 1958లో హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థను స్థాపించారు. ఈనాడు అదే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతున్నదో అక్కడి ఆచార్యులు ఆర్. కె. బన్సల్ పరిశీలించారు. అర్థం కాకపోవడానికి ముఖ్య కారణాలలో మాటలో నొక్కు తప్పడం ఒకటని 1969లో వెలువడిన ఆయన గ్రంథం చెబుతుంది. వ్యాకరణం చక్కగా వచ్చినవారి మాట కూడా ఈ ఒక్క లోపంవల్ల ఎదుటివారికి అందకపోవచ్చునన్నమాట.

మరి నేర్చుకోవడం ఎలా? మంచి నిఘంటువు తెరవండి. ఉచ్చారణ చూపేచోట చిన్న నిలువుగీత కనబడుతుంది. చాలా నిఘంటువులలో, ఆ గీత వెంటనే వచ్చే అక్షరాన్ని నొక్కాలి. కొన్నిటిలో గీత అక్షరం తరవాత ఉంటుంది. ఆ సంగతి నిఘంటువు మొదటి పేజీలలో రాసి ఉంటుంది. ఇప్పుడు మాటను మెల్లగా పలకండి. పెద్దన్న దగ్గర చప్పట్లు కొట్టండి, తమ్ముళ్లకు వేలితో బల్లమీద తట్టండి. పది సార్లు చేస్తే నోటికి అలవాటవుతుంది.

తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం హాయిగా “హోటలు”, “పోలీసు” అనే అనండి. అవి మన మాటలైపోయాయి. ఇంగ్లీషులో నొక్కు తప్పినవారిని చూసి నవ్వకండి. వారికి చప్పట్ల ఆట నేర్పండి.

ఈ నెల మీకొక పని. “హాస్పిటల్”, “కమిటీ”, “ఇంజనీర్”: ఈ మూడింటిలో ఒకదానికి బరువు మొదట, ఒకదానికి నడుమ, ఒకదానికి చివర ఉంది. ఏది ఎక్కడో ముందు ఊహించి, తరవాత నిఘంటువు చూడండి. మీ అమ్మనూ నాన్ననూ కూడా అడగండి. ఎవరు గెలుస్తారో!