పేరెవరిది? పాటయెవరిది?

మాఘమాసము వచ్చినదన్న నరసరావుపేట వీథులలో నడచుటకు చోటుండదు. ముందు పెండ్లివారి బండ్లు, వాని ముంగిట బ్యాండుమేళములు. నేను బడి విడిచి యింటికి బోవు త్రోవలో ఒకనాడు రెండు మేళము లెదురుపడెను. రెంటి డోళ్లమీదను ఒకే దేవుని పేరు. ఒకదానిపై మాత్రము ఆ పేరునకు ముందు "అసలు" అని యెఱ్ఱరంగుతో వ్రాసియున్నది. వారము తిరుగకమునుపే రెండవవారు తమ డోలుపై "అసలైన పాత" అని వ్రాయించుకొనిరి. ఇరువురును వకీళ్ల యిండ్ల చుట్టు తిరిగిరని తరువాత వింటిని. ఆనాడు ఇరువురును వాయించిన పాట యొక్కటియే. ఆ పాట గట్టినవాడెవ్వడో ఏ డోలుమీదను లేదు. మేళగాండ్ర నడిగితిని, వారికిని తెలియదు.

మన దేశమున నేడు పాటలను గూర్చియు, పాటల పేళ్లను గూర్చియు నడచుచున్న వ్యాజ్యములన్నియు నాకీ రెండు డోళ్లవలె కనబడుచున్నవి. ఎవ్వరిసొత్తును గాని మాటలకు కంచె వేయుటకై ధనవంతులు తగవులాడుదురు. నిజముగా ఒకరి కష్టమైన పాటను మాత్రము అందఱును దిక్కులేని సొమ్మనుకొని యెత్తుకొనిపోవుదురు. ఇది తలక్రిందుల వ్యవహారమని చెప్పుటకే యీ వ్యాసము.

ముందు పేళ్ల సంగతి చూతము. తెలుగు చలనచిత్ర వాణిజ్యమండలివారి కడ చిత్రముల పేళ్లు నమోదు చేయు పద్ధతి కలదు. ముందు వ్రాయించుకొన్న నిర్మాతకు ఆ పేరు దక్కును. 2010వ సంవత్సరమున "ఖలేజా" యను పేరు మఱియొకరు వ్రాయించుకొనియుండుటచేత ఆ చిత్రము "మహేష్ ఖలేజా" యై వెలువడినది. ఆ యేడే "కత్తి" విషయమున తగవు వచ్చి యది "కళ్యాణ్‌రామ్ కత్తి" యైనది. కత్తి యను మాట తెలుగువారి వంటయిండ్లలో ఎన్ని తరములనుండి యున్నదో లెక్కకు రాదు. దానికిని పట్టాదారు లేర్పడిరి! ఇందొక వినోదము కలదు. మన పూర్వు లీ చిక్కును ఏనాడో తీర్చుకొనిరి. రామాయణ మను పేరు ఒక్కటియే. భాస్కర రామాయణము, రంగనాథ రామాయణము, మొల్ల రామాయణము అని పిలిచి మనము వేఱుపఱచుకొంటిమి. కోర్టున కెవ్వరును పోలేదు. చలనచిత్రములవారును తెలియకయే ఆ పద్ధతికే వచ్చిరి గాని, కర్త పేరుండవలసినచోట నటుని పేరు పెట్టిరి. మొల్లను మఱచి, ఆమె రామాయణమును నాటకమాడిన వేషగాని పేరుతో పిలిచినట్లున్నది.

చట్టము సయిత మీ పేళ్లపిచ్చిని మెచ్చుకొనలేదు. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దపు తుదియేండ్లలో ఒక హాస్యగీతము మిక్కిలి వ్యాపించెను. మాంటీకార్లో జూదశాలను దివాలా తీయించిన మనుష్యుడని దాని పేరునకు అర్థము. 1935లో అమెరికావారు ఆ పేరుతో చలనచిత్రము తీసిరి. అందు పాటయు లేదు, పాటలోని కథయు లేదు. పాటను ప్రకటించిన ఫ్రాన్సిస్ డే, హంటర్ కంపెనీవారు కెనడాలో దావా వేసిరి. అది లండనులోని ప్రివీకౌన్సిలుదాక పోయెను. 1939లో తీర్పు వచ్చినది: పేరు మాత్రమే గ్రహించిన మాత్రమున కృతిని హరించినట్లు కాదని. మన సుప్రీంకోర్టు 2015లో "దేశీ బాయ్స్" అను హిందీచిత్రపు వ్యాజ్యమున ఈ తీర్పునే స్మరించి, ఒట్టి పేరునకు కాపీరైటు లేదని స్పష్టముగా చెప్పినది.

అంతకుముందు 2006లో "కభీ అల్విదా నా కెహనా" యను పేరును గూర్చి ఢిల్లీ హైకోర్టున తగవు జరిగెను. ఆ పేరు 1976 నాటి "చల్తే చల్తే" చిత్రపు పాటలోనిది. వాది ఆ మాటలు తన వ్యాపారచిహ్నమని వాదించెను. పదిమంది నోట నానిన మాటలను ఒకని కోసము ఆపలేమని కోర్టువారు నిషేధాజ్ఞ నిరాకరించిరి. మన తెలుగువాడైన రామగోపాలవర్మ తీసిన "నిశ్శబ్ద్" చిత్రముపై బంగాళీ చిత్రమువారు తెచ్చిన వ్యాజ్యమునందును 2007లో ఇట్లే జరిగినది: ఒక్క చిత్రపు పేరు లోకమున ఆ చిత్రమునకే రూఢియైనగాని రక్షణ దొరకదు. మండలులవారి నమోదు సభ్యులు తమలో తాము చేసికొన్న కట్టుబాటు మాత్రమే. హక్కు పత్రము గాదు.

ఇట్లుండుటయే న్యాయము. త్యాగరాజస్వామి హిందోళరాగ కృతి పేరు "సామజవరగమన". 2020 నాటి చిత్రములో ఒక పాట ఆ పేరుతోనే దేశమంతట మ్రోగెను. 2023లో ఒక చిత్రమే ఆ పేరుతో వచ్చినది. మొదటి చిత్రమునకు పెట్టిన "అల వైకుంఠపురములో" అను పేరు పోతనగారి గజేంద్రమోక్షణమునుండి దిగినది. పోతనగారి కెవ్వరును రుసుము చెల్లింపలేదు, చెల్లింపనక్కఱయు లేదు. మా పలనాటి కథనే చూడుడు. "పల్నాటి యుద్ధం" అను పేరుతో 1947లో ఒక చిత్రము వచ్చెను. అందు నాగమ్మ కన్నాంబ. 1966లో అదే పేరుతో మఱియొకటి వచ్చెను. అందు నాగమ్మ భానుమతి. గురజాలలో గాని మాచెర్లలో గాని ఇది అన్యాయమని యెవ్వరును అనుకొనలేదు. ఆ పేరు ఈ నేలది.

అయిన మేళము పేరు, నాటకసమాజము పేరు వేఱు మాట. ఇక్కడ నేను ఔదార్యము చూపజాలను. పుస్తకమును చదివి బాగోగులు తెలిసికొనవచ్చును. మేళమును పేరు చూచియే పిలుతుము. ఇరువదియేండ్లు తెల్లవార్లు వాయించి సంపాదించిన పేరును నిన్న వచ్చినవాడు తగిలించుకొన్నచో పెండ్లివారును మోసపోదురు, మొదటివాని కూడును పోవును. ఇందు చట్టము బీదవానికి అనుకూలముగానే యున్నది గాని, ఆ సంగతి బీదవానికి తెలియదు. 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము ప్రకారము, ముందునుండి నిజాయితీగా వాడుకొనుచున్నవాని హక్కును తరువాత నమోదు చేయించుకొన్నవాడు తీసివేయజాలడు. తిరునెల్వేలి హల్వా దుకాణము పేరును గూర్చిన వ్యాజ్యమున 2015లో సుప్రీంకోర్టు ఈ మాటనే స్థిరపఱచినది. కనుక ప్రతి మేళగాడును పాత కరపత్రములు, రసీదులు, ఛాయాపటములు పెట్టెలో దాచుకొనవలెను. నమోదుకాగితము కంటె అవి మేలు.

ఒకే పేరును పంచుకొనుటయు సాధ్యమే. 1885లో కడప మండలపు సురభి గ్రామమున కీచకవధ నాటకముతో మొదలైన కుటుంబము శాఖోపశాఖలైనది. ప్రతి శాఖయు సురభి పేరు నిలుపుకొని, ప్రక్కన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి యనియు, శారదావిజయ నాట్యమండలి యనియు తన గుర్తు చేర్చుకొన్నది. ఇది వంశము పేరు. దీనికి కంచె వేయువాడు తన అన్నదమ్ములనే వెలివేసినవాడగును.

బలవంతుడు పేరుకొఱకు కోర్టు కెక్కిన ఏమగునో అమెరికాలో చూచితిమి. "లేడీ ఆంటిబెల్లమ్" అను గాయకబృందము, తమ పేరులో బానిసత్వపునాటి వాసన యున్నదని పశ్చాత్తాపపడి 2020 జూన్ నెలలో "లేడీ ఎ" యని కుదించుకొనెను. అదే పేరుతో సియాటిల్ నగరమున అనీటా వైట్ అను నల్లజాతి గాయని రెండు దశాబ్దములకు పైగా పాడుచున్నది! నల్లవారి యెడ గౌరవముతో పేరు మార్చుకొన్నవారు నల్లస్త్రీ పేరునే తీసికొనిరి. మాటలు కుదరకపోగా ముందు దావా వేసినవారును వారే. 2022లో రాజీ కుదిరినది.

ఇక పాట సంగతి. 2017 మార్చిలో శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు గానజీవితమున ఏబదియేండ్లు నిండిన సందర్భమున అమెరికాలో కచేరీలు చేయుచుండగా, తాను కూర్చిన పాటలను అనుమతిలేక పాడరాదని శ్రీ ఇళయరాజాగారి వకీలునుండి నోటీసు వచ్చెను. బాలసుబ్రహ్మణ్యముగారు ఆ పాటలు మాని, ఇతరులు కూర్చిన పాటలతో కచేరీలు సాగించిరి. మన యిండ్లలో ఆ దినములలో వేఱు మాట లేదు. "పాడినవానికే పాటపై హక్కు లేదా?" యని మా యింటి ఆడువారును, మా ఉపాధ్యాయుల గదిలోని మిత్రులును ఇళయరాజాగారిని తూలనాడిరి. నేను ఒంటరినైతిని. స్నేహితునకు నోటీసు పంపిన తీరు నాకును రుచింపలేదు. కాని టికెట్టు పెట్టి పాడించిన కచేరీలో పాట కట్టినవాడు భాగమడుగుట తప్పెట్లగును? టికెట్టు సొమ్ములో వేదిక అలంకరించినవానికి భాగమున్నది, దీపముల వానికున్నది. స్వరకర్తకు మాత్రము నమస్కారముతో సరిపెట్టవలెనా? కళను అమ్ముకొనరాదను నీతిని మనము కళాకారులకే బోధింతుము, కళతో వ్యాపారము చేయువారికి ఏనాడును బోధింపము. 1977లో సుప్రీంకోర్టు, చలనచిత్రము కొఱకు వ్రాయించుకొన్న పాటలపై హక్కు సాధారణముగా నిర్మాతదేయని చెప్పినది. కవికిని స్వరకర్తకును రాబడిలో విడిచిపెట్టరాని భాగము కలదని చట్టము సవరించుటకు 2012 వఱకు పట్టినది. ముప్పదియైదేండ్లు! ఆ నడుమ పాటలు వ్రాసినవారి కుటుంబము లేమి తిన్నవని మన మడిగితిమా? మిత్రు లిరువురును 2019లో మరల ఒకే వేదికపై కలిసికొనిరి. మఱుసటి యేడు సెప్టెంబరులో బాలసుబ్రహ్మణ్యముగారు పరమపదించిరి. వారి తగవు తీఱినది. ఆ తగవు లేవనెత్తిన ప్రశ్న తీఱలేదు.

ఇళయరాజాగారికి వకీలున్నాడు. వకీలు లేనివారి మాట యేమి? 2021లో "లవ్ స్టోరీ" చిత్రమున "సారంగ దరియా" యను పాట వెలువడి కోట్లమంది విన్నారు. అది తెలంగాణపు జానపద గీతము. సుద్దాల అశోక్‌తేజగారు దానిని చిత్రమునకు అనువుగా వ్రాసిరి, మంగ్లి పాడెను. అంతట కోమలి యను జానపద గాయని ముందుకు వచ్చి, ఆ పాటను తాను ముందే టెలివిజన్ వేదికపై పాడితిననియు, ఇప్పుడు తన్నెవరును తలంపలేదనియు వాపోయెను. దర్శకుడు ఆమెకు గుర్తింపునిత్తుమని పలికి సమాధానపఱచెను. మాట చెల్లించుటకు దర్శకుడు సిద్ధపడుట మంచిదే. కాని ఆమె వీథికెక్కి యడుగవలసివచ్చుట మంచిది కాదు.

"జానపదము అందఱిది గదా, దానికి కర్త యెక్కడ?" అని చదువుకొన్నవా రనుచుందురు. అందఱిదైనచో ఎవ్వరును కంచె వేయరాదు. అంతవఱకు నే నొప్పుకొందును. కాని అందఱిదను మాట విప్పి చెప్పుడు. ఒక ముసలమ్మ దానిని ఏబదియేండ్లు కంఠమున మోసినది, చరణము జాఱిపోగా పూరించినది, మనుమరాలికి నేర్పినది. రికార్డుచేసిన కంపెనీవారు మాత్రము మఱునాడే "సర్వహక్కులు మావి" అని ముద్రవేయుదురు. నిన్న అందఱిదైనది నేడు వారిదెట్లయ్యెను? మన వాగ్గేయకారులు దీని నెఱిగియే ముద్ర నేర్పఱచుకొనిరి. క్షేత్రయ్య పదమున మువ్వగోపాలుడుండును. త్యాగరాజు కృతిలో త్యాగరాజుండును. దంపుళ్లపాటలోను జోలపాటలోను ముద్ర లేదు. ఏలయన అవి స్త్రీలవి. స్త్రీలు సొంత ఆస్తికే సంతకము చేయ నోచుకొనని కాలమున పాటకు సంతకమెట్లు చేయుదురు? ముద్ర లేనిదెల్ల దిక్కులేనిదని తలచు సంస్కారము మనది.

మా పలనాటను ఇంతే. కార్తిక అమావాస్య మొదలు కారెంపూడిలో నాగులేటి యొడ్డున అయిదు దినములు వీరారాధనము జరుగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరునాడు బ్రహ్మనాయుని చాపకూటిని స్మరించి అన్ని కులములవారును కలిసి భుజింతురు. ఆ వీరుల కథను తరతరములుగా గానము చేసి నిలిపినవారు విద్యవంతులను దళిత గాయకులు. శ్రీనాథుని పేర నున్న కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ముద్రింపించి మహోపకారము చేసిరి. పాడెడివాని పేరు గ్రంథమున కెక్కించినవాడు అమెరికా దేశపు పండితుడు, జీన్ రోఘేర్. 1982లో ఆక్స్‌ఫర్డువారు ప్రకటించిన ఆయన గ్రంథము ఆలిశెట్టి గాలెయ్యగారు పాడిన కథ. పలనాటిలో చదువు నేర్చిన మన యిండ్లలో ఆ పేరు ఎందఱెఱుగుదురు? చాపపై కలిసి తిందుము. పుస్తకమునందు మాత్రము ప్రక్కన కూర్చుండనీయము.

చేయవలసినది కష్టమైనది కాదు. గాయకుని కంఠమున్న రికార్డుపై ఆ గాయకునకు చట్టము ఏబదియేండ్ల హక్కునిచ్చినది. సేకరించువారు ఆ మాట ముందే చెప్పవలెను. ఏ పాట యెవరి నోట, ఏ యూర, ఏ నాడు వింటిమో వ్రాసికొనవలెను. ఆ పాటవలన రాబడి కలిగెనా, అందు ఆ యూరికి భాగము పంపవలెను. ఈ పత్రికను చదువు గృహిణులు తమ అత్తలు, అమ్మమ్మల పాటలను నేడే యిట్లు వ్రాసిపెట్టవచ్చును. ఇందుకు ఏ మండలి యనుమతియు నక్కఱలేదు.

మొన్నటి కార్తికమున మా బడి పిల్లలను కొందఱిని కారెంపూడికి తీసికొనిపోతిని. ఒక ముసలిగాయకుని యెదుట మా పిల్లవాడొకడు ఫోను పట్టుకొని కూర్చుండెను. ఆయన కథ మొదలుపెట్టక, "ముందు నా పేరు, మా నాయన పేరు, మా ఊరి పేరు చెప్పనీ అబ్బాయ్. ఆ పైనే కథ" అనెను. "చెప్పు తాతా, అక్కఱలేకపోతే తర్వాత కోసేద్దాంలే" అని మావాడు నెమ్మదిగా పలికెను. అది ముసలివాడు వినెనో లేదో తెలియదు. నేను వింటిని. కోయవద్దని వాని చేతిలోని ఫోనుపై చేయి వైచి చెప్పితిని. ఆయన మూడు పేళ్లను నిదానముగా చెప్పి, గొంతు సవరించుకొని కథ నెత్తుకొనెను.