మ్యాట్నీ దొరక్కపోతే...

పోయిన ఆదివారం హైదరాబాద్‌లో మ్యాట్నీకి వెళ్తే హౌస్‌ఫుల్! ఏం చేయాలో తోచక పక్క వీధిలోని చిన్న ఆర్ట్ గ్యాలరీలో దూరాను. టిక్కెట్టు లేదు, ఏ.సి. ఉంది!

గోడల మీద నలుగురు కుర్ర ఫొటోగ్రాఫర్లు తీసిన ఫొటోలు. మధ్యలో బల్లల మీద ఓ అమ్మాయి చేసిన సిరామిక్ కుండలు, కప్పులు. జనం బాగానే ఉన్నారు. కానీ ఏం లాభం? ఫొటోలకు వీపు తిప్పి సెల్ఫీలు దిగుతున్నారు.

ఆ అమ్మాయిని పలకరించాను. కుండ ఆరాక ఒకసారి కాల్చి, గ్లేజు పూసి మళ్లీ కాలుస్తారట. ఈసారి వేడి 1200 డిగ్రీల పైమాటే! "బట్టీ తలుపు తీసేదాకా ఏది నిలిచిందో, ఏది పగిలిందో తెలీదండీ" అంది.

పక్కనున్న కుర్రాడితో, "నీకా బాధ లేదు తమ్ముడూ, బటన్ నొక్కితే బొమ్మ!" అన్నాను.

"పెళ్లిళ్ల సీజనంతా ఆల్బమ్‌లు చేసిన డబ్బుతో ఈ ఆరు ప్రింట్లు వేయించాను సార్. మూడు రోజులైంది. ధర అడిగినవాళ్లే లేరు" అన్నాడు. నా జోకు నాకే చేదనిపించింది.

వెన్నెల అనగానే మనకి 'మాయాబజార్' (1957) గుర్తొస్తుంది. ఆ వెన్నెలని తెరకెక్కించిన మార్కస్ బార్ట్లే కూడా మొదట పత్రికకు ఫొటోలు తీసినవాడే! మూవీ కెమెరా ఆ తర్వాతి సంగతి. ఆయన ఫొటోల దగ్గరా ఎవరో ఒకరు ఆగి చూసే ఉంటారు కదా?

కొనమని నేననను. నేను కొన్నదీ ఓ టీ కప్పే. ఫ్రీలాన్సు జేబు మరి! ఒక్కో ఫొటో ముందు ఒక్క నిమిషం నిలబడండి చాలు. సెల్ఫీ తర్వాత దిగొచ్చు!