షిఫ్టు దిగిన కార్మికునికి చదువుకొను చోటు

1891లో సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ ప్రోత్సాహమున ఆబిడ్సు ప్రాంతమున ఆసఫియా గ్రంథాలయమను పేర వెలసి, 1936లో మూసీ యొడ్డున అఫ్జల్‌గంజిలోని విశాలభవనమునకు తరలి, 1955 నాటి హైదరాబాదు గ్రంథాలయ చట్టముతో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైన సంస్థ, తెలుగు, ఉర్దూ, సంస్కృత, పారసీక, అరబ్బీ, మరాఠీ, కన్నడ, హిందీ, ఆంగ్ల వాఙ్మయములను ఒక్క కప్పు క్రింద చేర్చిన విద్యానిధి.

ఆ గ్రంథాలయము ప్రభుసంకల్పఫలము. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు ప్రభృతులు హైదరాబాదున నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమను గ్రంథాలయమో, ప్రజల పూనికకు ఫలము. ఆ నిలయము రగిల్చిన మేల్కొలుపే క్రమముగా పెరిగి, 1930లో, నేడు మన సంగారెడ్డి జిల్లాలోనున్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభగా రూపు దాల్చినది. పుస్తకము చదివిన జనమే తమ హక్కు నడిగిరి.

అట్టి జిల్లాలో, బొంబాయి రహదారియు ఔటర్ రింగురోడ్డును కలియు ముత్తంగి వంటి యూళ్లలో, పగలనక రేయనక యంత్రముల వద్ద శ్రమించి, అద్దెగదికి చేరు యువకునికి పత్రిక విప్పి కూర్చుండుటకు దీపమున్న బల్ల యొకటి కావలదా? ధనము లేదను మాట చెల్లదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ప్రజలు చెల్లించుచునే యున్నారు. కంపెనీల చట్టము, 2013, సామాజిక బాధ్యతగా పెద్ద సంస్థలు లాభములో 2 శాతము వెచ్చింపవలెనని విధించి, ప్రజాగ్రంథాలయ స్థాపనను ఆ కార్యములలో స్పష్టముగా పేర్కొన్నది.

కనుక స్థానిక పాలకులు వసూలైన పన్నును కాలయాపన లేక జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలెను. ఆ సంస్థ షిఫ్టు వేళల ననుసరించి రాత్రి పది గంటల వరకు తెరచియుండు పఠనమందిరములను ఈ పారిశ్రామికవాడలో నెలకొల్పవలెను. ఒడిశా, బీహారులనుండి వచ్చిన శ్రామికులకై ఒడియా, హిందీ పత్రికలను సైతము తెప్పింపవలెను. యాజమాన్యములు భవనమునకును పుస్తకములకును ముందుకు రావలెను. చట్టమున్నది, ధనమున్నది, పాఠకుడున్నాడు. ఇక కావలసినది పూనిక. ఈ యేడే ఆ పని మొదలిడుడు.